సమస్య: తికమక పడజేయు తెలివె మేలు

నిర్వాహకుడు: ఈసారి సమస్యాపూరణానికి ఆటవెలది పద్యం. చివరి పాదం ఇచ్చాను, మిగతా మూడూ మీవి. ఎదుటివాళ్లను తికమక పెట్టడం మామూలుగా మెచ్చుకునే పని కాదు. ఆ మెప్పు ఎక్కడ చెల్లుతుందో చూపించాలి. వాడుకలో "తికమకపెట్టు" అనే అంటాం. కానీ ఈ పాదంలో అన్నీ సూర్యగణాలే రావాలి, అంటే మూడు లఘువులు గానీ, ఒక గురువు తర్వాత ఒక లఘువు గానీ. "తికమ" ఒక గణమైపోతే మిగిలే "కపెట్టు" జగణం (లఘువు, గురువు, లఘువు), సూర్యగణం కాదు. అందుకే "పడజేయు".

పద్యప్రియ:
కట్టి నువ్వుకట్టె గట్టిగా పలుపుతో
గ్రంథమనుచు దెచ్చె రామలింగ
డంత పండితుండు హడలుచు పరువిడె
తికమక పడజేయు తెలివె మేలు

నిర్వాహకుడు: నువ్వుకట్టెల్ని గేదె పలుపుతో కట్టి, అదో గొప్ప గ్రంథమని పండితుణ్ణి బెదరగొట్టిన తెనాలి రామలింగడి "తిలకాష్ఠ మహిష బంధనం" కథ మూడు పాదాల్లో ఇమిడిపోయింది, బాగుందండీ. గ్రం–రా యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) చక్కగా పడింది. "అనుచు దెచ్చె" అని సరళాదేశం ("తె"ను "దె"గా మార్చడం) చేశాక "హడలుచు బరువిడె" అనే ఉండాలి. అసలు చిక్కు "హడలు"తోనే. హడలు అంటే భయం. రైలు తప్పిపోతుందేమోనని పరుగెత్తడం కంగారు, స్టేషన్లో జనం అరుపులు గందరగోళం, ఏ ప్లాట్‌ఫాం అని తేల్చుకోలేక బోర్డు ముందే ఆగిపోవడం తికమక. ఎన్ని శాస్త్రాలు చదివినా ఈ గ్రంథం పేరు వినలేదే అని పండితుడు ముందు పడింది తికమకే. పారిపోవడం ఆ తర్వాతి సంగతి. మూడో పాదాన్ని "డంత పండితునకు నర్థమే తోచదు" అంటే ఎలా ఉంటుంది?

పద్యప్రియ: చాలా బాగుందండీ, యతి కూడా నిలిచింది. అలాగే ఉంచుతాను.

మధురిమ:
బ్యాంకువాడ ననుచు బామ్మకు ఫోన్ జేసి
యోటిపీని యడుగ నూరుపేరు
లడిగి యడిగి వాని నల్లాడజేసెను
తికమక పడజేయు తెలివె మేలు

నిర్వాహకుడు: ఈ బామ్మ నాకు తెగ నచ్చింది. "ఓటీపీ"ని కుదించక తప్పదు, సూర్యగణాల పాదంలో రెండు గురువులు పక్కపక్కన రావు. నిజంగా అలాంటి ఫోన్ వస్తే మాత్రం కట్ చేసి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పండి.

శరత్తు:
తలను జెయ్యి బెట్టి తానె భస్మంబయ్యె
మోహినిఁ గని యసుర మూఢుఁ డచట
జనులఁ గావ హరికి సమరమ్ము కంటెను
తికమక పడజేయు తెలివె మేలు

నిర్వాహకుడు: "కంటెను" రావడంతో "మేలు"కి పని దొరికింది. పాదం అతికించినట్టు లేదు.

మధురిమ: కానీ భస్మాసురుడిది మోహం కదండీ, తికమక అనొచ్చా?

శరత్తు: మోహంతోనే మొదలైంది. ఆమె ఆటను అనుకరిస్తూ అనుకరిస్తూ, ఏ చెయ్యి ఎక్కడ పెట్టకూడదో మరిచిపోయాడు చూడండి, అక్కడికి వచ్చేసరికి తికమకే అని నా ఉద్దేశం. ఒప్పుకోనివాళ్లు పద్యంలోనే చెప్పండి.