అప్‌డేట్: అమ్మ జ్ఞాపకార్థ కూడికలో చివరికి ఏం చదివామంటే

గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, లూథరన్ చర్చి స్త్రీల సమాజంలో ఎప్పుడూ ముందుండే మా అమ్మ గురించి జ్ఞాపకార్థ కూడికలో ఏం చదవాలో తోచడం లేదని అడిగాను కదా. కూడిక అయిపోయింది. "తేదీలు, ఉద్యోగం చెప్పి ఆపొద్దు, ఆవిడ ఏం చేసేదో రాయండి" అన్న సలహానే పట్టుకున్నాను.

సూది వేసే ముందు పిల్లల్ని మీ ఊరి పేరేంటని అడిగేది. వాళ్లు చెప్పేలోపు పని అయిపోయేది. నైట్ డ్యూటీ దిగొచ్చి, మాకు జడలేసి, క్యారేజీలు సర్ది, అప్పుడు పడుకునేది. చర్చిలో ప్రభు భోజనం (రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన) పాత్రలు తోమే పని ఇంకెవరికీ ఇచ్చేది కాదు. ఇదెందుకు రాశావని పిన్ని అంది గానీ నేను తీసేయలేదు.

ఆసుపత్రి చరిత్ర కూడా చేర్చమన్నారు ఒకరు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చినా, మిషన్ ఆవిడను వైద్య మిషనరీగా నియమించింది 1885లో. ఆసుపత్రి తెరిచింది 1898లో. అంతే రాశాను. ఇంకా పెంచితే అమ్మ కనబడదు.

మధ్యలో తమ్ముడి గొంతు పూడుకుపోతే మిగతాది పాస్టర్ గారు చదివారు. అందుకే రాసేవాళ్లకు ఒక మాట: పెద్ద అక్షరాలతో ఇంకో కాపీ ప్రింట్ తీసి పెట్టుకోండి. భోజనాల దగ్గర అమ్మ జూనియర్లు ఇంకొన్ని కథలు చెప్పారు. వార్డు బాయ్, దొంగచాటు బిర్యానీ కథ మాత్రం చర్చిలో చదివేది కాదులెండి.