అబ్బాయి ఖరగ్‌పూర్ వెళ్తున్నాడు, పాలు కాచుకోవడం కూడా రాదు. ఈ నెల రోజుల్లో ఏం నేర్పించాలి?

ఖమ్మం_అమ్మ:

అందరికీ నమస్తే. మా పెద్దోడికి జోసా (ఐఐటీ, ఎన్ఐటీ సీట్లిచ్చే) కౌన్సెలింగ్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్‌లో సీటొచ్చింది. చుట్టాలందరికీ స్వీట్లు పంచడం కూడా అయిపోయింది, ఇప్పుడు నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. వాడికి 17 నిండి రెండు నెలలు. ఎవర్ని అడిగినా "ఇంటర్ రెండేళ్ళు హాస్టల్లోనే ఉన్నాడుగా, అలవాటే కదా" అంటున్నారు, మొన్నటిదాకా నేనూ అదే అనుకున్నా. మొన్న మా అత్తయ్యకి ఒంట్లో బాలేక నేనూ ఆయనా రెండ్రోజులు ఊరెళ్ళాం, వచ్చి చూస్తే పాలు విరిగిపోయి గిన్నెలోనే ఉన్నాయి, రెండ్రోజులూ మ్యాగీయే, గ్యాస్ అయిపోతే పక్కనే ఉన్న ఇంకో సిలిండర్ పెట్టుకోవడం కూడా తెలీక బిస్కెట్లు తిని పడుకున్నాడు. అప్పుడు అర్థమైంది, ఆ హాస్టల్లో వాణ్ణి బెల్లు కొట్టి లేపారు, బెల్లు కొట్టి తినిపించారు, బెల్లు కొట్టి చదివించారు, బట్టలు ధోబీ తీసుకెళ్ళాడు, మిగతావన్నీ ఆదివారం మేం వెళ్ళి చూసుకున్నాం. వాడు చేసిందల్లా చదవడమే. మా ఆయనేమో "మొగపిల్లాడు, వాడే నేర్చుకుంటాడులే" అంటారు. వెళ్ళడానికి నెల కూడా లేదు. ఏం నేర్పించాలి, ఏం పంపించాలి, కాస్త అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మంగళగిరి_నాన్న:

ముందుగా కంగ్రాట్స్ అమ్మా. మా అమ్మాయి ఎన్ఐటీలో సెకండియర్ అయిపోయింది. వంటా బట్టలూ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఓటీపీల సంగతి చూడండి. నవ్వకండి, నిజం చెప్తున్నా. మా పాప ఆధార్‌కి నా నంబరు, బ్యాంకు ఖాతాకి నా నంబరు, జేఈఈ అప్లికేషన్ మెయిల్ ఐడీ నేను చేసింది, పాస్‌వర్డ్ నా డైరీలో. అక్కడికి వెళ్ళాక అది ఏ ఫారం నింపినా ఓటీపీ నాకొచ్చేది, నేనేమో బండి మీద ఉంటా, ఆగి చూసి చెప్పేసరికి టైమ్ అయిపోయేది, మళ్ళీ పంపించేది, ఇద్దరం కేకలు వేసుకునేవాళ్ళం. అందుకని ఇప్పుడే ఆధార్ సెంటర్‌కి పంపి బాబు దగ్గర ఉండబోయే నంబరు ఎక్కించండి. 18 నిండితే గానీ సిమ్ వాడి పేరు మీద ఇవ్వరు, మీ పేరు మీద తీసుకున్నా ఫోన్ మాత్రం వాడి చేతిలో ఉండాలి. 15 దాటాక చేయించాల్సిన బయోమెట్రిక్ అప్‌డేట్ కూడా అయ్యిందో లేదో చూడండి.

ఇంకోటి, మైనర్ ఖాతా అయితే 18 నిండగానే కొత్తగా సంతకం, కేవైసీ ఇచ్చి మేజర్‌గా మార్పించాలి. మాకు తెలీలేదు. మా పాప పుట్టినరోజు సరిగ్గా సెమిస్టర్ మధ్యలో పడింది, ఖాతా ఆగిపోయింది, బ్రాంచేమో ఇక్కడ. పదిరోజులు రూమ్మేట్ దగ్గర అప్పు. అప్పటిదాకా యూపీఐ సర్కిల్ అని ఉంది చూడండి, మీ ఖాతా నుంచే వాడు ఖర్చు పెట్టుకోవచ్చు, నెలకి గరిష్ఠంగా 15,000 దాకా లిమిట్ పెట్టొచ్చు. కానీ ప్రతి టీకీ మీకు మెసేజ్ వస్తుంది, చూసి "రాత్రి 11కి ఏంట్రా ఆ 80 రూపాయలు" అని అడక్కండి. నేను అడిగాను, మా పాప మూడ్రోజులు మాట్లాడలేదు.

సర్టిఫికెట్లు ఒరిజినల్స్ ఒక ఫైల్లో, జిరాక్సులు నాలుగు సెట్లు వేరే బ్యాగులో. బీసీ అయితే ఓబీసీ ఎన్‌సీఎల్ (నాన్ క్రీమీలేయర్) సర్టిఫికెట్ సెంట్రల్ ఫార్మాట్‌లోది, ఈ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ తీసుకున్నదే ఉండాలి, మనకి మామూలుగా ఇచ్చే క్యాస్ట్ సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు.

థర్డియర్_బ్యాక్‌బెంచ్:

ఆంటీ, మీ అబ్బాయి కథే నా కథ. నేనూ అలాంటి ఇంటర్ హాస్టల్ సరుకే, కాలేజ్ పేరు వద్దులెండి. రెండేళ్ళు ఫోన్ లేదు, ఔటింగ్ లేదు, ఒక్కసారిగా చేతిలో ఫోన్, లాప్‌టాప్, ఫుల్ వైఫై, అడిగే నాథుడు లేడు. మొదటి నెల నేను పొద్దున 8 క్లాసుకి ఎన్నిసార్లు వెళ్ళానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. లేపేవాళ్ళు లేరు కదా. రాత్రి 3 దాకా గేమ్స్, మధ్యాహ్నం లేచి డైరెక్ట్ లంచ్. ఫస్ట్ సెమ్‌లో రెండు బ్యాక్‌లాగ్స్. జేఈఈలో ర్యాంకు తెచ్చుకున్న మొహమే ఇది 😅 అసలు సంగతేంటంటే ఇంటర్ హాస్టల్లో నా అంతట నేను చదవడం నేర్చుకోలేదు, ఎవరో చదివిస్తే చదివా.

సో ఈ నెలంతా వాణ్ణి లేపకండి ఆంటీ. నిజంగా. 11కి లేస్తే లేవనీండి, టిఫిన్ తీసేయండి, మళ్ళీ వేడి చేసి పెట్టొద్దు. అలారం వాడే పెట్టుకోవాలి. బట్టలు కూడా అంతే, నేను మా అమ్మ కొనిచ్చిన కొత్త ఎర్ర తువ్వాలు తెల్ల చొక్కాలతో కలిపి నానబెట్టా, సెమ్ అంతా గులాబీ చొక్కాలే, ఇప్పటికీ ఆ పేరు పోలేదు.

ఇంకో ముచ్చట, హిందీ. ఆటో వాడితో, మెస్ భయ్యాతో మాట్లాడేంతైనా రావాలి. రాకపోతే మనోళ్ళ గ్యాంగ్‌లోనే ఉండిపోతారు, గుల్టీలు (మన తెలుగువాళ్ళని అక్కడ అలాగే అంటారు) గుల్టీలతోనే తిరుగుతారని మిగతావాళ్ళు ఊరికే అనరు. మనోళ్ళు ఉండాలి, జ్వరం వస్తే రాత్రి కూర్చునేది వాళ్ళే, కానీ రూమ్మేట్ బీహార్ వాడైతే రూమ్ మార్చుకోమని మాత్రం చెప్పొద్దు. నా బెస్ట్ ఫ్రెండ్ వాడే ఇప్పుడు.

ముగ్గురు_పిల్లల_తల్లి:

సామాను తగ్గించు చెల్లీ. నేను పెద్దదానికి పరుపుతో సహా మోయించా, సగం మంచం కిందే ఉంది. రైస్ కుక్కర్, హీటర్ లాంటివి చాలా హాస్టళ్ళలో పట్టుకుంటే తీసేసుకుంటారు, రూల్స్ చూసుకుని పంపు. బకెట్టు, మగ్గు, హ్యాంగర్లు అక్కడే దొరుకుతాయి. ఆవకాయ, కందిపొడి మాత్రం కచ్చితంగా పెట్టు, గోంగూర రెండో ట్రిప్పుకి. సీసాలో వద్దు, నూనె కారి సర్టిఫికెట్లు పాడైన ఇళ్ళు నాకు తెలుసు, ప్లాస్టిక్ డబ్బా, పైన రెండు కవర్లు. జ్వరం బిళ్ళలు, ఓఆర్ఎస్, కళ్ళద్దాలుంటే ఇంకో జత. ఏ బిళ్ళ దేనికో కవరు మీద వాడి చేతే రాయించు, నువ్వు రాస్తే చదవడు.

మాజీ_లెక్చరర్:

పైవాళ్ళు చెప్పినవి బాగున్నాయి, నేను ఫోన్ గురించి చెప్తాను. మొదటి నెలలో రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసే తల్లిదండ్రుల్ని ఎందరినో చూశాను. పిల్లాడికి అన్నం సయించకపోతే వీళ్ళు వార్డెన్‌కి ఫోన్ చేస్తారు, పిల్లాడు మాత్రం వార్డెన్ గది ఎక్కడో కనుక్కోడు. రోజు మార్చి రోజు, రాత్రి భోజనం తర్వాత అని ఒక టైమ్ ఇప్పుడే అనుకోండి. ఏ సమస్య చెప్పినా "అయితే ఏం చేద్దామనుకుంటున్నావ్" అని ముందు అడగండి.

కానీ వారం పది రోజులు గొంతు మారితే, తిండి మానేస్తే, క్లాసుకి వెళ్ళాలని లేదంటే మాత్రం "సర్దుకుంటావులే" అనకండి. క్యాంపస్‌లో కౌన్సెలర్ ఉంటారు, బయట టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు. ర్యాగింగ్ అయితే యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522. రెండూ వాడి ఫోన్‌లో వాడే సేవ్ చేసుకోవాలి. మార్కులు తగ్గితే ఇంట్లో చెప్పొచ్చన్న ధైర్యం మీరు ఇప్పుడే ఇవ్వాలి. స్టేట్ ర్యాంకు పిల్లలు అక్కడికెళ్ళి క్లాసులో సగంలో ఉంటారు, అక్కడున్నవాళ్ళంతా ర్యాంకర్లే కదా, పిల్లాడి కంటే ముందు మీకు తెలియాలి ఆ సంగతి.

ఖమ్మం_అమ్మ:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, అక్కా, తమ్ముడూ. నాలుగు రోజులుగా లేపడం మానేశా, మొదటిరోజు పన్నెండింటికి లేచి "అమ్మా టిఫిన్" అన్నాడు, లేదన్నాను, నాకే ఏడుపొచ్చింది కానీ పెట్టలేదు. నిన్న ఎనిమిదిన్నరకి లేచాడు. టికెట్లు కూడా వాడికే అప్పజెప్పా, ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లో ఖమ్మం నుంచి ముగ్గురికీ వెయిటింగ్ లిస్టే వచ్చింది, కన్ఫర్మ్ కాకపోతే తత్కాల్ చూస్తాడంట, దుర్గా పూజా సెలవులకి ఇంటికొచ్చే టికెట్‌కి 60 రోజుల ముందు పొద్దున 8కి కూర్చోవాలని క్యాలెండర్‌లో రాసుకున్నాడు. మా ఆయన చేసిస్తానంటే నేనే ఆపా.

ఇవాళ నంబరు మార్పించడానికి ఆధార్ సెంటర్‌కి ఒక్కణ్ణే పంపా. గంటన్నర లైన్లో నిలబడి వట్టి చేతుల్తో వచ్చాడు, ఒరిజినల్ కార్డు ఇంట్లోనే పెట్టి వెళ్ళాడంట. టేబుల్ మీద నాకు కనబడుతూనే ఉంది, చెప్పలేదు. ఇప్పుడు కార్డు తీసుకుని మళ్ళీ వెళ్ళాడు, మధ్యాహ్నం మూడైంది, ఇంకా రాలేదు, ఫోన్ చెయ్యాలా వద్దా అని చూస్తున్నా.