ఉచిత క్లినిక్ పెడితే ఓటు పడుతుందా? (హమాస్, 2006 పాలస్తీనా ఎన్నికలు)

గోదారిగట్టు: గాజాలో షేక్ అహ్మద్ యాసిన్ 1973లో ముజమ్మా అని ఒక సేవాసంస్థ పెట్టాడు. బాలబడులు, క్లినిక్‌లు, పేదలకు జకాత్ (ముస్లింలు ఇచ్చే దానం) డబ్బు. 70ల చివర్లో ఇజ్రాయెలే దానికి గుర్తింపు ఇచ్చింది! ఆ మనుషులే 1987లో హమాస్ అనే సాయుధ ఇస్లామిక్ సంస్థ పెట్టారు, 2006లో పాలస్తీనా చట్టసభలో 132 సీట్లకు 74 గెలిచారు. ముందు మందుబిళ్ల, తర్వాత తుపాకీ. ఇందులో చర్చించడానికేముంది?

పాతబస్తీ_రవి: సీట్లు సరే, ఓట్లెన్ని? పార్టీ జాబితాలకు వేసే ఓట్లలో హమాస్‌కు 44 శాతం, అప్పటిదాకా పాలించిన ఫతా పార్టీకి 41. మనుషుల్ని చూసి ఓటేసే జిల్లా సీట్లలో ఫతా వాళ్లే ఒకరి మీద ఒకరు ఇండిపెండెంట్లుగా నిలబడి ఓట్లు చీల్చుకున్నారు.

గోదారిగట్టు: ఆ 44 ఆకాశం నుంచి ఊడిపడిందా మరి?

పాతబస్తీ_రవి: సాయానికే ఓట్లు రాలితే ఐరాస శరణార్థుల సంస్థ గెలవాలి అన్నా. ఆ ఎన్నికల నాటికి అక్కడ పిండి, బడి, వైద్యం 1950 నుంచీ చాలామందికి దానివే.

గోదారిగట్టు: అది పోటీలో లేదు నాయనా.

నీలిమేఘం: ఇద్దరూ 44 దగ్గరే ఆగిపోయారు.

కోనసీమ_లక్ష్మి: మా ఊరికి వరదొచ్చినప్పుడు ఒక పార్టీ వాళ్లు బియ్యం టోకెన్లు పంచారు, టోకెన్ మీద నాయకుడి బొమ్మ. మా అమ్మ మోకాలి లోతు నీళ్లలో వెళ్లి పది కిలోలు తెచ్చింది, ఓటు మాత్రం వేరేవాళ్లకి వేసింది. ఎలా పసిగట్టారో, తర్వాత ఇళ్ల జాబితాలో మా పేరు లేదు.

గోదారిగట్టు: తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే అదేనమ్మా.

కోనసీమ_లక్ష్మి: నోరు అదుపులో పెట్టుకోండి. ఆ బియ్యం వాళ్ల ఇంట్లోంచి తెచ్చారా?

పాతబస్తీ_రవి: ఇదిగో, ఇప్పుడు బయటపడింది. మీ లెక్కలో అన్నం తిన్నవాడు అమ్ముడుపోయినట్టే. బిడ్డకి సూది వేయించుకున్న తల్లి కూడా మీకు మిలిటెంటే.

గోదారిగట్టు: ఆ మాట నేననలేదు. లక్ష్మిగారూ, తప్పయింది, క్షమించండి. మా తమ్ముడి కాలేజీ ఫీజు ఒక సంఘం వాళ్లు కట్టారు. ఎవరూ బలవంతపెట్టలేదు, కానీ ప్రతి ఊరేగింపుకీ జెండా పట్టుకుని వెళ్లేవాడు, వద్దంటే "మొహమాటంరా అన్నయ్యా" అనేవాడు. కేసు పడ్డాక వాళ్లెవరూ ఫోన్ ఎత్తలేదు. అప్పటినుంచి ఉచితమంటే నాకు భయం.

పాతబస్తీ_రవి: అది ముందే చెప్పాల్సింది అన్నా. అక్కడ మాత్రం హమాస్ జాబితా పేరే "మార్పు, సంస్కరణ". ఫతా అవినీతితో జనం విసిగిపోయి ఉన్నారు. క్లినిక్ తెచ్చిపెట్టింది, నా ఉద్దేశంలో, "వీళ్లు డబ్బు తినరు" అన్న పేరు. మందుబిళ్ల కంటే అదే ఎక్కువ పనిచేసింది.

గోదారిగట్టు: ఆ పేరు కూడా క్లినిక్ పెట్టబట్టే కదా వచ్చింది!

కోనసీమ_లక్ష్మి: మీ తమ్ముడు జెండా మోశాడు, సరే. ఓటెవరికి వేశాడో ఎప్పుడైనా అడిగారా?

గోదారిగట్టు: లేదు.