డ్రైవ్‌లో మెమరీ ఫాల్ట్: కార్డు మార్చాలా, రీసెట్ చాలా?

మండపేట మిల్లు:
మాది ఉప్పుడు బియ్యం మిల్లు. డ్రయ్యర్ బ్లోయర్‌కి 15 కిలోవాట్ల వీఎఫ్‌డీ (మోటారు స్పీడు మార్చే డ్రైవ్) ఉంది. పొద్దున్నే స్విచ్ వేయగానే ఈప్రామ్ (సెట్టింగులు దాచుకునే మెమరీ చిప్పు) ఫాల్ట్. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే పోతుంది, పది రోజులకి మళ్ళీ వస్తుంది. సర్వీసు వాళ్ళు కంట్రోల్ కార్డు మార్చమంటున్నారు, మా ఎలక్ట్రీషియన్ అక్కర్లేదంటాడు. దాళ్వా ధాన్యం దిగుతోంది, మిల్లు ఆపలేను. ఎవరి మాట వినాలండీ?

పాలకొల్లు రిపేర్లు:
కార్డు కొనకండి. మన ఆవిరికి, ఊక దుమ్ముకి ఏ కార్డైనా అలాగే అవుతుంది. విప్పి చూడండి, కనెక్టర్ కాళ్ళకి పచ్చగా చిలుము కనిపిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెడితే సరిపోతుంది. కరెంటు తీసిన వెంటనే మాత్రం చెయ్యి పెట్టకండి. 415 వోల్టుల డ్రైవ్ లోపల కెపాసిటర్లలో 580 వోల్టుల పైనే డీసీ నిలిచి ఉంటుంది. పది నిమిషాలు ఆగి, మీటరు పెట్టి చూశాకే ముట్టుకోండి.

భీమవరం ఐస్ ప్లాంటు:
కడగడం మేమూ చేశాం. రెండుసార్లు పనిచేసింది, మూడోసారి లేవలేదు. పైగా రీసెట్ కొట్టాక మోటారు ఆంప్స్ కంపెనీ విలువకి పోయాయి, ఎవరూ చూసుకోలేదు. ఓవర్‌లోడ్ ట్రిప్ అవ్వలేదు, వైండింగ్ కాలింది. రీసెట్‌కి ముందు పారామీటర్లన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

అమలాపురం పీఎల్‌సీ:
ముందు ఒకటి చెప్పండి. బ్లోయర్ స్పీడు ఎవరిస్తున్నారు, డ్రైవ్ మీది కీప్యాడా, మిషన్లని నడిపే కంట్రోలర్ పీఎల్‌సీనా?

మండపేట మిల్లు:
పీఎల్‌సీ అండి. వేడిని బట్టి నిమిషానికోసారి మారుస్తుంది. మోడ్‌బస్ అనే డేటా తీగ మీద పంపుతుంది.

అమలాపురం పీఎల్‌సీ:
అదే అనుకున్నా. స్పీడు మారినప్పుడల్లా డ్రైవ్ దాన్ని ఈప్రామ్‌లో రాస్తుండొచ్చు. ఈప్రామ్‌లో ఒక్కో చోట రాయడానికి లెక్కుంది, చాలా చిప్పులకి లక్ష సార్లు. నిమిషానికోసారి అంటే రోజుకి 1,440. డెబ్బై రోజుల్లో లక్ష అయిపోతుంది. మిల్లు పగలే ఆడినా అయిదు నెలలు దాటదు. పది లక్షలు తట్టుకునే చిప్పులూ ఉన్నాయి గానీ, మీ దాంట్లో ఏది ఉందో కార్డు మీద చూడాల్సిందే. చాలా డ్రైవ్‌లలో స్పీడుని ర్యామ్‌లోకి (ఎన్నిసార్లు రాసినా అరగని తాత్కాలిక మెమరీ) మాత్రమే రాసే దారి వేరే ఉంటుంది. మిత్సుబిషి వాటిలో పారామీటర్ 342ని 1 చేస్తే కమ్యూనికేషన్‌లో వచ్చేవి ర్యామ్‌కే పోతాయి. మీ మాన్యువల్‌లో ఆ సెట్టింగు వెతకండి. అది మార్చకుండా కొత్త కార్డు వేస్తే దానికీ ఇదే గతి.

పాలకొల్లు రిపేర్లు:
ఇంత తంటా ఎందుకండీ? స్పీడుకి 4–20 మిల్లీ ఆంప్స్ సిగ్నల్ తీగ లాగేస్తే ఈప్రామ్‌లో రాయడమే ఉండదు కదా. చిలుము కారణం కాదంటే మాత్రం నేనొప్పుకోను, అది కూడా కారణమే.

మండపేట మిల్లు:
విప్పాను. చిలుము ఉంది, పాలకొల్లు గారి మాట నిజమే. మాన్యువల్లో ర్యామ్ సెట్టింగు కూడా దొరికింది, ఇన్నాళ్ళూ కంపెనీ ఇచ్చినట్టే ఈప్రామ్ మీదే ఉంది. మార్చేశాను. కడిగిన కార్డుతోనే ఇవాళ ఆడిస్తున్నా, కొత్తది ఆర్డర్ పెట్టి పక్కన ఉంచుతా.