కథలో మనుషులు మనుషుల్లా మాట్లాడాలంటే ఏం చేస్తున్నారు?

గట్టుమీద: తండ్రి పోయాక అన్నదమ్ములు పొలం పంచుకునే కథ రాస్తున్నాను. చదివినవాళ్ళు "కథ బాగుంది గానీ, వీళ్ళు పేపరు చదువుతున్నట్టు మాట్లాడుతున్నారేంటి" అంటున్నారు. మచ్చుకి తమ్ముడి మాట: "అన్నయ్యా, నాన్న పోయి రెండేళ్ళయింది. మన మూడెకరాలూ ఇంకా ఆయన పేరు మీదే ఉన్నాయి కదా!" దీన్నేం చెయ్యాలి?

కలంపోటు: తండ్రి పోయిన సంగతి అన్నకి తమ్ముడు చెప్పాలా అండీ? అది పాఠకుడికి చెప్తున్న మాట, అందుకే అతకలేదు. నేనైతే తమ్ముడి చేత "పాస్‌బుక్కు నీ దగ్గరే ఉందా?" అనిపిస్తాను. అన్న దానికి జవాబివ్వడు. "కూర్చో, మీ వదిన కాఫీ పెడుతోంది" అంటాడు. పొలం ఉందనీ, అనుమానం మొదలైందనీ ఆ రెండు మాటల్లోనే తెలిసిపోతుంది. అయినా మన ఇళ్ళల్లో ఆస్తి గొడవ ఎవరు సూటిగా మొదలెడతారు? ముందు వానల గురించి ఓ అరగంట నడవాల్సిందే.

నల్లరేగడి: పిలుపులు కూడా చూసుకోండి. మరిదిని "చిన్నోడు" అనే వదిన మూడో పేజీకొచ్చేసరికి మొగుడితో "మీ తమ్ముడు" అందనుకోండి, ఆ ఇంట్లో పొయ్యిలు రెండయినట్టే. ఇక "వాళ్ళ మధ్య దూరం పెరిగింది" అని రాయక్కర్లేదు.

రాత్రిబండి: గురజాడ 1910లో రాసిన 'దిద్దుబాటు' మొదలే "తలుపు! తలుపు!" అనే పిలుపుతో. తలుపు తెరుచుకోదు. మొగుడు ఎలాంటివాడో, ఎక్కణ్ణించి వస్తున్నాడో ఆ తర్వాత నెమ్మదిగా తెలుస్తుంది. జవాబు రాకపోవడం కూడా సంభాషణే.

గట్టుమీద: బాగుంది. యాస సంగతేంటి? మాది గోదావరి జిల్లా కథ. మాటలన్నీ యాసలోనే పెట్టాలా?

నల్లరేగడి: పెట్టండి గానీ, ప్రతి మాటకీ "ఆయ్" తగిలిస్తే గోదావరి అయిపోదు. మా తెలంగాణ కథల్లోనూ ఇదే తంటా. "గిట్ల", "గట్ల" చల్లేసి యాస అంటారు. అసలు పట్టు క్రియలో ఉంటది: వచ్చిండు, తిన్నవా, ఏడికి పోతున్నవ్. అది కుదిరితే మిగతాది కొంచెం చాలు.

కలంపోటు: ఇక్కడ నాకు కొంచెం తేడా ఉంది. కథ చెప్పేవాడిది కూడా ఆ ఊరే అయితే కథనం కూడా యాసలోనే సాగాలి. చెప్పేవాడు పుస్తక భాషలో, పాత్రలు యాసలో ఉంటే, వాడు అరుగు మీద కూర్చుని కూలోళ్ళని చూస్తున్నట్టుంటుంది.

రాత్రిబండి: ఇంకోటి. గర్జించాడు, ఈసడించాడు, వాపోయాడు లాంటివి కొట్టేయండి. "అన్నాడు" చాలు. ఎవరి మాటో తెలుస్తుంటే అదీ అక్కర్లేదు.

గట్టుమీద: మళ్ళీ రాశాను, చూడండి.

"పాస్‌బుక్కు నీ దగ్గరే ఉందా?"
"బీరువాలో ఉండాలి."
"తాళం?"
"మీ వదినని అడగాలి. ఈసారి నారు ముదిరిపోయేలా ఉందిరా, కాలవకి నీళ్ళొదల్లేదు."
తమ్ముడు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. అతనికి అన్న మీద నమ్మకం పోయింది.

కలంపోటు: ఆ ఆఖరి వాక్యం తీసేయండి. గ్లాసులో కాఫీ సగం మిగిలిందో లేదో రాయండి.