ది క్యూర్ కొత్త ఆల్బమ్: బేస్, డ్రమ్స్ ముద్దగా వినిపిస్తున్నాయి, ఎల్పీ (వినైల్ రికార్డు)లో కూడా అంతేనా?

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ది క్యూర్ 2008 తర్వాత మళ్లీ స్టూడియో ఆల్బమ్ ఇచ్చింది 2024 నవంబర్ 1న, ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’. ఎనిమిదే పాటలు, ఒక్కటి కూడా తీసిపారేసేది కాదు. పదహారేళ్లు ఎదురుచూసిన ఆల్బమ్ కాబట్టి సరిగ్గా వినాలని ఆరాటం.

సమస్య మొదటి పాట ‘అలోన్’లోనే మొదలవుతోంది. మూడు నిమిషాలు దాటాక గానీ గాయకుడు రాబర్ట్ స్మిత్ గొంతు రాదు. ఆలోపు సైమన్ గాలప్ బేస్ గిటార్, డ్రమ్స్, కీబోర్డ్ ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోతున్నాయి. డ్రమ్స్‌లోని సింబల్ (ఇత్తడి పళ్లెం) మోగినప్పుడల్లా సన్నగా గరగర. పది నిమిషాలు దాటే చివరి పాట ‘ఎండ్‌సాంగ్’లో ఇది ఇంకా ఎక్కువ.

పాటల యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ (అన్ని పాటల శబ్దాన్నీ ఒకే స్థాయికి తెచ్చే సెట్టింగ్) ఆపేశాను, ఈక్వలైజర్ ఫ్లాట్‌లో పెట్టాను, బ్లూటూత్ వదిలేసి వైరు హెడ్‌ఫోన్స్‌తో విన్నాను. ఆఖరికి సీడీ కొని స్పీకర్లలో పెట్టినా తేడా లేదు. అదే ప్లేయర్‌లో వీళ్లదే 1989 నాటి ‘డిసింటిగ్రేషన్’ పెడితే మాత్రం ఏ వాయిద్యానికి ఆ వాయిద్యం విడిగా, హాయిగా వినిపిస్తోంది. అంటే సిస్టమ్‌లో లోపం లేదనే నా నమ్మకం.

ఈ ఆల్బమ్‌ని ఎల్పీలో విన్నవాళ్లు చెప్పండి: ‘అలోన్’ మొదటి మూడు నిమిషాల్లో మీకూ ఈ ముద్ద, గరగర ఉన్నాయా?