మా ఊరి హైస్కూల్‌కు పైసలు జమ చేసినం, రోబోటిక్స్ ల్యాబ్ పెట్టాల్నా ఇంకేమన్న చేయాల్నా?

నకిరేకల్ తమ్ముడు:
అందరికి నమస్తే. నకిరేకల్ దగ్గర మా ఊరి జెడ్పీ హైస్కూల్‌ల చదివినోళ్లం కొంతమందిమి కలిసి బడికి ఏమన్న చేద్దామని పైసలు జమ చేసినం. ఇప్పుడు మా గ్రూప్‌ల రెండు పార్టీలైనయ్. హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ చేసేటోళ్లు రోబోటిక్స్ ల్యాబ్ పెడదాం, కోడింగ్ నేర్పిద్దాం, ఏఐ వచ్చి ఉన్న నౌకర్లే పోతున్నయ్, మన పిల్లలు ఎన్కబడొద్దు అంటున్రు. ఊర్ల ఉన్నోళ్లేమో ముందు పిల్లలకు ఇంగ్లిష్ పాఠం చదవనీకే వస్తలేదు, ఆ డబ్బాలు తెచ్చి రూముకు తాళం ఏసుడేనా అంటున్రు. నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. ఇప్పుడు 8, 9 తరగతుల ఉన్న పిల్లలు పనిలకు పోయే నాటికి ఏ పని ఉంటదో ఏది పోతదో ఎవ్వరికి ఎరుక లేదు, మరి బడిల ఏం మార్చాలె? బడులల్ల పని చేసేటోళ్లు జెర చెప్పున్రి.

సైన్స్ సార్, దేవరకొండ:
తమ్మీ, సామాను సంగతి తర్వాత, ముందు టైం టేబుల్ సంగతి చూడున్రి. మన జిల్లా పేరు మీద నల్గొండ టెక్నిక్ అని నీళ్లల్లకెల్లి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఉన్నది, నాగపూర్ నీరి సంస్థోళ్లు తయారు చేసిన్రు, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ నీళ్లల్ల కలిపి, తేరనిచ్చి వడగట్టుడు. గింతే. మన పిల్లల్ల ఎంతమంది చేతులతోటి చేసి చూసిన్రో అడుగున్రి. నేను 9వ తరగతోళ్లను ఎవరి బోరు నీళ్లు వాళ్లు సీసాల పట్టుకరమ్మన్న. ఫ్లోరైడ్ కిట్‌ల మందు చుక్కలు ఏస్తే గులాబీ రంగు ఉంటది, ఫ్లోరైడ్ పెరిగినకొద్ది పసుపుకు తిరుగుతది. లీటర్‌కు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. ఒక పిల్ల తెచ్చిన సీసా మొత్తం పసుపైంది, "సార్, మా అమ్మ చేనుకాడ గివే తాగుతది" అన్నది. ఆన్నుంచి క్లాస్ నా చేతిల లేదు. బోరు ఎంత లోతు, పక్క బోరు ఎట్లున్నది, మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఎట్లున్నయ్ అని వాళ్లే లెక్క రాసిన్రు, ఊరి మ్యాప్ గీసి రంగులేసిన్రు, పంచాయతీకి లెటర్ రాసిన్రు. కెమిస్ట్రీ, గ్రాఫు, సోషల్, తెలుగు అన్నీ అండ్లనే వచ్చినయ్. కానీ 45 నిమిషాలకు బెల్లు కొడితే ఏదీ సాగది, మా హెచ్ఎం మేడం వారానికోసారి రెండు పీరియడ్లు కలిపి ఇస్తనే అయింది. 8, 9 తరగతుల ఇంటర్నల్ మార్కులల్ల ప్రాజెక్ట్ వర్క్ ఎట్లనన్న ఉన్నది, పిల్లలు నెట్ సెంటర్ల బొమ్మలు ప్రింట్ తీసి చార్ట్‌కు అంటిస్తున్రు. ఆ జాగల అసలు పని పెట్టున్రి.

పాలమూరు అమ్మ:
సార్ చెప్పింది మంచిగనే ఉన్నది గని నాకో భయం ఉన్నది. మా అమ్మ నాయిన బొంబాయి, పూణే పోయి మట్టి పని చేసి నన్ను డిగ్రీ దాకా చదివిచ్చిన్రు. 2020 జాతీయ విద్యా విధానంల 6 నుంచి 8 తరగతులోళ్లు 10 రోజులు బ్యాగు లేకుండ వడ్రంగి, కుమ్మరి, తోటమాలి దగ్గర పని చూడాల్నని రాసిన్రు, చదివిన. ప్రైవేట్ల పిల్లలకు ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ నడుస్తది, పని నేర్చుకునుడు మాత్రం సర్కార్ బడి పిల్లలకేనా? నా బిడ్డ తొమ్మిదిల ఉన్నది, బాసర ట్రిపుల్ ఐటీ సీటు పదోతరగతి మార్కుల మీదనే వస్తది, ఆ మార్కులు తగ్గితే ఎవరు చూస్తరు? మార్చేటోళ్లు ఇది ఆలోచించకుంటే మల్ల మా పిల్లలే కూలికి పోతరు.

జడ్చర్ల క్వాలిటీ:
అక్కా మీ భయం నిజమే, కానీ ఒక్క మాట. నేను పోలేపల్లి సెజ్‌ల ఒక ఫార్మా కంపెనీల క్వాలిటీల చేస్త, కొత్తగ వచ్చిన పిల్లలకు ట్రైనింగ్ ఇస్త. మంచి మార్కులతోటే వస్తరు. రూం టెంపరేచర్ 25 లోపల ఉండాలె, మీటర్ మీద 27 కనిపిస్తుంది, లాగ్‌బుక్కుల మాత్రం 25 అని రాస్తరు. ఎందుకు రాసినవ్ అంటే "25 ఉండాలె గద సార్" అంటరు. ఆ అలవాటు ఎక్కడిదంటే బడిల సైన్స్ రికార్డ్‌ది, సీనియర్ రికార్డ్ ముందట పెట్టుకొని రీడింగ్‌లు ఎక్కిచ్చుడే గద, సరైన జవాబు వస్తే మార్కులు, మనకు వచ్చిన రీడింగ్ రాస్తే తప్పు. మా దగ్గర 27 అని రాసి, ఎందుకు పెరిగిందో కనుక్కున్నోడే కావాలె, అట్ల రాయకుంటే రేపు మందు పాడైనా ఎవ్వరికి తెల్వది. మిషన్లు మారుతనే ఉంటయ్, నేర్పుకుంటం, మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిల బ్యాటరీ ఫ్యాక్టరీ కడుతున్రు, ఐటీఐలల్ల ఏటీసీలు (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు) పెట్టి రోబోటిక్స్, ఎలక్ట్రిక్ బండ్ల కోర్సులు తెచ్చిన్రు. కానీ కండ్ల ముందట ఉన్నది ఉన్నట్టు రాసుడు, ఇంగ్లిష్‌ల రెండు పేజీల ఎస్ఓపీ, అంటే పని ఎట్ల చేయాల్నో రాసిన కాయితం, చదివి అర్థం కాంది అడుగుడు, ఈ రెండు మేం ఇరవై ఏండ్లోనికి నేర్పాల్నంటే శాన కష్టమైతుంది. ఇది కూలి పని కాదక్కా, ఐఐటీకి పోయేటోనికి గూడ ఇదే కావాలె.

సైన్స్ సార్, దేవరకొండ:
అమ్మా, నేనైతే పదోతరగతిని ముట్టుకోను, చేసేదంత 8, 9లనే. బోరు నీళ్లు పరీక్ష చేసిన పిల్లలకు కెమిస్ట్రీ చదువుడు తేలికైంది, తగ్గలేదు. సర్కార్ బడి, ప్రైవేట్ బడి అని తేడా లేకుండ అందరికి పెట్టాలన్న మీ మాట మాత్రం నూటికి నూరు పాళ్లు కరెక్ట్, ఒక్క దిక్కే పెడితే నేను గూడ ఒప్పుకోను. తమ్మీ, రోబో కిట్ కొనాల్నంటే కొనున్రి, కానీ దానితోటి చెరువుల నీటి మట్టం కొలుస్తరా, చేన్ల తేమ కొలుస్తరా ముందు అనుకొని కొనున్రి.

నకిరేకల్ తమ్ముడు:
అందరికి శాన థాంక్స్, మొత్తం మా గ్రూప్‌ల పెట్టిన. రేపు హెచ్ఎం సార్‌ను కలిసి 8, 9 తరగతులకు జంట పీరియడ్ దొరుకుతదా అని అడుగుతం, అది ఒప్పుకుంటేనే సామాను ముచ్చట. ముందుగాల నీళ్ల టెస్ట్ కిట్లు, రెండు మూడు కంప్యూటర్లు, సెలవుల తర్వాత ఇంగ్లిష్ చదివిచ్చనీకి ఊర్ల డిగ్రీ అయిపోయిన ఒక అక్కకు నెలకు ఇంతని ఇద్దామని నా ఆలోచన. నిమ్మ తోటల లెక్కలు గూడ చేయించొచ్చు, మా దగ్గర మార్కెట్ రేటు ఎప్పుడు పడిపోతదో ఇంటింటికి బాధనే. సార్, ఫ్లోరైడ్ కిట్ ఎక్కడ దొరుకుతది, ఒక్క కిట్‌తోటి ఎన్ని సీసాలు చూడొచ్చు?